మూడు దగ్గర ముల్లు

మీటరులో ముల్లు తొమ్మిది దగ్గర ఆగి ఉంది. ఆగినట్టు కనిపిస్తుందే గానీ దిగుతూనే ఉంటుంది, గోడ నీడ జరిగినట్టు. చూస్తున్నంతసేపూ కదలదు, చూపు తిప్పుకుని మళ్లీ చూస్తే కదిలి ఉంటుంది. క్రీస్తుదాసు స్టూలు మీద కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. గడియారంలో తొమ్మిదీ అయిదు. పదీ అయిదు దాకా ఈ గదిలో మనిషి చేయగలిగిన పని ఏదీ లేదు. గొట్టం విప్పి బిగించినప్పుడు లోపలికి జొరబడిన గాలిని నత్రజని మెల్లగా తోసుకుంటూ పోవాలి. మూలల్లోనూ, మరమేకుల సందుల్లోనూ దాక్కున్న గాలి అంత తొందరగా వదలదు, గంటసేపు కడగాలి. కడిగాక పరీక్ష. ఈ గంట అతనికి కొత్తేమీ కాదు, మూడేళ్లుగా సోమవారం సోమవారం ఈ స్టూలు మీదే కూర్చుని ఈ గంటను గడపవలసినవాడే. గడపవలసినవాడు. గడిపాడా అని ఎవరూ అడగలేదు. ఇవాళ సోమవారం కాదు, శనివారం. కిటికీలోంచి గేటు కనిపిస్తోంది. గేటు పక్కన ఖాళీ సిలిండర్ల అరుగు మీద, ఎండకు వీపు పెట్టుకుని, గుండు చేయించుకున్న మనిషి ఒకడు కూర్చుని ఉన్నాడు. క్రీస్తుదాసు కిటికీ వైపు చూడకుండా ముల్లు వైపు చూశాడు. తొమ్మిదికి వెంట్రుకవాసి కింద.

వెంకటాచలం దాటాక మద్రాసు రోడ్డు పక్కన ఉన్న ఈ ఫ్యాక్టరీలో గాలినే వడకట్టి అమ్ముతారు. గాలిని మంచుకన్నా చల్లగా చేసి, నీళ్లలాంటి ద్రవంగా మార్చి, రెండుగా విడదీస్తారు. ప్రాణవాయువు ఆస్పత్రులకూ వెల్డింగు షాపులకూ పోతుంది, నత్రజని మద్రాసులోని బల్బుల ఫ్యాక్టరీకి పోతుంది. బల్బులో వెలిగే తీగకు ప్రాణవాయువు తగిలిందా, తీగ నల్లబడి తెగిపోతుంది. అందుకని పది లక్షల పాళ్ల నత్రజనిలో పది పాళ్లకు మించి ప్రాణవాయువు ఉండకూడదని వాళ్ల నిబంధన. ఆ పది పాళ్లను పట్టుకునేది ఈ పెట్టె. చేరిన కొత్తలో క్రీస్తుదాసుకు ఇది విడ్డూరంగా ఉండేది. పుట్టిన బిడ్డ మొదట పీల్చేదీ, పోయేవాడు చివరకు విడిచేదీ ఏదో, ఈ గదిలో అది మురికి. సృష్టిలో ఒకచోట మంచిదైనది ఇంకొకచోట మురికి ఎందుకవుతుంది, మరి మనుషుల్లో కూడా అంతేనా అని పాస్టరు గారిని అడగాలనుకున్నాడు, అడగలేదు. ఇట్లాంటివి అడిగితే ఆయన నవ్వి, ఆ పెట్టె దగ్గర ఎక్కువసేపు కూర్చోవద్దయ్యా అంటాడు.

పెట్టె మాట్లాడేది సెల్లుతో. అరచేతి పొడుగు గాజు గొట్టం, లోపల వెండి జాలీ, సీసపు రేకు, పొటాషు నీళ్లు. ప్రాణవాయువు జాలీకి తగిలితే పిసరంత కరెంటు పుడుతుంది, మీటరులో ముల్లు లేస్తుంది. నిన్న సాయంత్రం మద్రాసునుంచి కొత్త సెల్లు వచ్చింది, రంపపు పొట్టులో గుడ్డులాగా పెట్టి పంపారు. అది ఇప్పుడు బల్ల మీదే ఉంది, పొట్టు దులపనైనా లేదు. పొద్దున్నే మేనేజరు రంగనాయకులు గారు గుమ్మంలో నిలబడి రెండు పనులు చెప్పిపోయాడు. "ఏమయ్యా క్రీస్తుదాసూ, పాతది పీకి గుంటలో పారేసి కొత్తది బిగించు. మూడు నెలల తర్వాత బల్బులవాళ్లు మళ్లీ మన గ్యాసు తీసుకుంటామన్నారు, సోమవారం లారీ. ఆఁ, ఇంకొకటి. ఆ హజరత్తయ్యకు బిట్రగుంట లోకో షెడ్డులో పనిస్తారంట, ఇక్కడినుంచి ఉత్తరం కావాలంట. రాసివ్వు. ఉన్నదున్నట్టు రాయి, అజాగ్రత్త వల్ల తీసేశామని. అబద్ధం మనమెందుకు రాయాల?" ఆ మాట అని ఆయన వెళ్లిపోయాడు. అబద్ధం మనమెందుకు రాయాల. ఆయన పూజ చేసుకుని బొట్టు పెట్టుకుని వచ్చే మనిషి, ఎవరినీ ఊరికే ఒక మాట అనడు. ఆయన అన్నది ఆయన ఎరిగినంతవరకూ నిజమే. ఆయన ఎరగనిది ఈ గదిలో ఉంది.

పాతది పీకి పారేసేవాడే. పానా చేతిలోకి తీసుకున్నాడు కూడా. ఉత్తరం ముందు రాసిచ్చి ఆ మనిషిని పంపించేస్తే ఈ పని మనసు పెట్టి చేసుకోవచ్చని గేటు దగ్గరికి పోవడమే పొరపాటయింది. హజరత్తయ్య లేచి నిలబడ్డాడు. తలపాగా లేదు. తల నున్నగా, లేత కొబ్బరికాయలాగా ఉంది. క్రీస్తుదాసు దగ్గరికి పోయాడు.

"ఏంది హజరత్తూ, ఇంట్లో ఎవురన్నా..."

"ఛ ఛ, అంతా బాగుండారన్నా. మాలకొండ ఎక్కి సామికి తల ఇచ్చినా. మూడు శనివారాలు ఒక్కపొద్దుండి, మూడో వారం ఇచ్చేసినా."

"ఏం మొక్కు?"

హజరత్తయ్య నవ్వబోయి మానుకున్నాడు. "మొక్కు కాదు, తప్పుకు అన్నా. ఆ పద్నాలుగు సిలిండర్ల తప్పు. ఆ వారం మా బిడ్డ మాలకొండమ్మకు జరం గదా, నా ఒళ్లు ఈడుంది, మనసు ఇంటికాడుంది. ఒక్కో సిలిండరుకు అరగంట వాక్యూం పెట్టాల. పెట్టినాననే అనుకుంటా. కానీ పెట్టినానని గట్టిగా అనబోతే నోరు రాదన్నా. రోజుకోసారి మనసులో ఆ పద్నాలుగూ లెక్కబెట్టుకుంటా. ఎనిమిదోదాని కాడికొస్తే గుర్తుండదు. మీ పెట్టె మూడు చూపించిందంటివి. పెట్టె అబద్ధమాడదు గదా. మరి మురికి నా చేతిలోనుంచే గదా పొయ్యుండాల."

పెట్టె అబద్ధమాడదు గదా. ఉత్తరం సంగతి ఎత్తకుండా క్రీస్తుదాసు వెనక్కి వచ్చేశాడు. "కాసేపు కూసో, గంట పని ఉండాది" అని మాత్రం అన్నాడు. గదిలోకి వచ్చి, గొట్టం ఒక్క క్షణం విప్పి బిగించి, పానా బల్ల మీద పెట్టి, పాత సెల్లును పీకకుండా, దానిమీదికే నత్రజని వదిలాడు.

ముల్లు ఎనిమిది మీద ఉంది. బతికున్న సెల్లయితే గొట్టం విప్పి బిగించాక ముల్లు చివరిదాకా పోయి మేకుకు కొట్టుకోవాలి, అక్కడినుంచి గంటసేపు దిగాలి. ఇది తొమ్మిదికే లేచింది. గొట్టంలోకి గాలి తక్కువ పోయిందేమో. విప్పింది క్షణమే గదా. ఒక్క క్షణంలో ఎంత గాలి పోతుంది, చాలానే పోతుంది, ఆ సంగతి తనకు తెలుసు, పెట్టె సంగతి తెలియని హజరత్తయ్యకు కూడా తెలుసు. కీలు దగ్గర చెవి పెట్టి కారుతుందో లేదో చెప్పేవాడు. సబ్బు నీళ్లు కాదు, కుంకుడు రసం గిలక్కొట్టి ఆ నురుగు కీళ్లకు రాసేవాడు. సబ్బు నురుగు ఊరికే చితికిపోతుందన్నా, కుంకుడు నురుగు ఓపిగ్గా నిలబడుతుంది, ఎంత చిన్న బొక్క అయినా బుడగ లేపి చూపిస్తుంది అనేవాడు. ఫిల్లరు పని అతనిది, సిలిండరులో మిగిలిన గాలిని పంపుతో లాగేసి, కొత్త గ్యాసు నింపడం. ఈ గదిలోకి ఎప్పుడూ రాలేదు, ఫిల్లర్లు రాకూడదని నియమం, గుమ్మం అవతలే నిలబడి, "ఏమన్నా, ఇయ్యాళ అమ్మోరు ఎంత పలికింది?" అని అరిచేవాడు. "మూడు" అంటే, "నిన్నా మూడే గదన్నా, మీ అమ్మోరికి ఇంకో అంకె రాదా?" అని నవ్వేవాడు. షెడ్డులో అందరూ తనను మూడన్నా అని పిలవడం నేర్చింది అతని దగ్గరే. ఎగతాళిగా అన్న ఆ మాటను ఆ రోజే పట్టుకుని ఉంటే? గుమ్మం అవతలి మనిషికి తట్టిన అనుమానం గుమ్మం లోపల కూర్చున్నవాడికి తట్టలేదు. తట్టలేదా, తట్టనివ్వలేదా?

పెట్టె బిగించడానికి వచ్చిన మద్రాసు మెకానిక్కు చిన్నగా నల్లగా ఉండేవాడు, తమిళం కలిసిన తెలుగులో నిదానంగా చెప్పేవాడు. "ఎక్కువ చూపిస్తే భయపడవద్దు సార్. గ్యాసు చెడ్డది, అంతే. తక్కువ చూపిస్తేనే భయపడు. గ్యాసు మంచిదయినా తక్కువే చూపిస్తుంది, సెల్లు చచ్చినా తక్కువే చూపిస్తుంది. రెండూ ఒకే మాదిరి ఉంటుంది." మరి తెలిసేదెట్లా అని అడిగితే, కుడి పక్కన ఉన్న వేలెడు గాజు గొట్టాన్ని చూపించాడు, అందులో రెండు సన్నని తీగలు. కింద ఉన్న నాబును పది మీద పెడితే ఆ తీగలు సరిగ్గా పది పాళ్ల ప్రాణవాయువును పుట్టించి నత్రజనిలో కలుపుతాయి. "సోమవారం సోమవారం నీ చేత్తో నువ్వే కొలిచి దానికి పది మురికి పెట్టు. ముల్లు పది లేచిందా, ప్రాణం ఉంది. లేవలేదా, పిణం, శవం." ఆ మాట అని అతను పకపకా నవ్వాడు. క్రీస్తుదాసు ఆ రాత్రి భార్య మగ్దలీనమ్మతో ఈ సంగతి చెప్పి, మనస్సాక్షి కూడా అట్లాంటిదే గదా అన్నాడు. ఆమె చేట పక్కన పెట్టి, బాగా చెప్పినావు, ప్రార్థన కూటంలో చెప్పు అంది. కూటంలో చెప్పాడు కూడా. చెప్పినవాడు తనే.

ఏడు. సెల్లులో నీళ్లు తగ్గుతాయి, తగ్గినప్పుడల్లా గీత దాకా డిస్టిల్డు వాటరు పోయాలి. అది మద్రాసునుంచి పెద్ద గాజు జాడీలో వస్తుంది. ఆశ్వయుజం వానలకు రోడ్డు తెగి లారీలు ఆగినప్పుడు జాడీ అడుగంటింది, సెల్లులో గీత కిందికి రెండు వేళ్లు ఖాళీ. ఆ ఆదివారం అతను తోటపల్లి గూడూరు అవతల అత్తగారి ఊరికి పోయి ఉన్నాడు. అక్కడ సముద్రం చప్పుడు వినపడే దూరంలో ఇసుకలో తవ్విన దొరువు ఉంది. మనిషి లోతు గుంట, అడుగున తేటగా నీళ్లు. నాలుగడుగులు అవతల తవ్వితే ఉప్పు కషాయం, ఇక్కడ మాత్రం నాలుక మీద తీపి. పుట్టినప్పటినుంచీ ఆ ఊరివాళ్లు ఇంకో నీళ్లు నీళ్లనుకోరు. జబ్బు పడ్డవాళ్లకు అవే తాగిస్తారు. దోసిట్లో తాగి, సముద్రం పక్కన ఇంత తియ్యని నీళ్లు పెట్టినవాడి కన్నా ఆ మద్రాసు కంపెనీవాడు ఎక్కువ శుద్ధి చేస్తాడా అనుకున్నాడు. అది భక్తి అనుకున్నాడు. సీసాడు నీళ్లు తెచ్చి, కాచి చల్లార్చి, నాలుగు మడతల గుడ్డలో వడపోసి, కళ్లు మూసుకుని ఒక్క మాట ప్రార్థన చేసుకుని సెల్లులో పోశాడు. నాలుకతో చూసి చెప్పగలిగిన శుద్ధి ఎంతవరకో, సెల్లుకు కావలసిన శుద్ధి ఏమిటో, వాటి మధ్య ఎంత దూరమో అతనికి తెలియక కాదు. ఆ నీళ్లు కాచిన గిన్నె అడుగున సున్నం పట్టడం ఏళ్ల తరబడి చూసినవాడే. కాగినప్పుడు గిన్నెకు పట్టే సున్నం సెల్లులో జాలీకి పట్టదా? ఆ రోజు ఆ ప్రశ్న రాలేదు. ప్రార్థన చేసుకున్న పనిని మళ్లీ అనుమానించడం అవిశ్వాసం అనిపించిందేమో.

తర్వాత ముల్లు రోజు రోజుకూ దిగింది. అంతకుముందు ఎనిమిది, ఏడు ఉండేది. ఆరు, అయిదు, నాలుగు, చివరకు మూడు. మూడు దగ్గర నిలబడిపోయింది. రంగనాయకులు గారు వచ్చి చూసి భుజం తట్టాడు. "నీ చెయ్యి మంచిదయ్యా." ఆ బుధవారం ప్రార్థన కూటంలో, సాక్ష్యాలు చెప్పే వేళ, క్రీస్తుదాసు లేచి నిలబడి, తన చేతుల పనిని దేవుడు దీవించాడని, ఎనిమిది ఉన్నది మూడయిందని చెప్పాడు. ఎనిమిదేమిటో మూడేమిటో తెలియని ముసలమ్మలు కూడా స్తోత్రం స్తోత్రం అన్నారు. ఆ స్తోత్రాలు ఎక్కడికి పోయాయి? చచ్చిన సెల్లు చూపించిన అంకెకు చెప్పిన స్తోత్రం పైదాకా పోతుందా, పోతే అక్కడ దాన్ని ఏం చేస్తారు? ఆ తర్వాతి సోమవారం లారీ గేటులో నిలబడి హారను కొట్టింది. గంట కడిగి, పది మురికి పెట్టి, ముల్లు లేచేదాకా కూర్చునే తీరిక లేదు. మూడు చూపిస్తూనే ఉంది గదా, మేలు కలిగినప్పుడు మేలును పరీక్షిస్తారా? రిజిస్టరులో సోమవారం గడిలో టిక్కు పెట్టాడు. మొదటి టిక్కుకు చెయ్యి ఒక్క క్షణం ఆగింది. రెండోదానికి ఆగలేదు. మూడోదానికి లారీ కూడా లేదు, ఊరికే పెట్టాడు. పరీక్ష చేయని సోమవారాలు నాలుగు గడిచాక పద్నాలుగు సిలిండర్లూ తిరిగొచ్చాయి.

ఆరు. లారీమీద ఎట్లా పోయినవి అట్లాగే తిరిగొచ్చాయి, కాగితంతో. మీ గ్యాసు పోసిన బల్బులు వందలకొద్దీ నల్లబడ్డాయి. రంగనాయకులు గారు షెడ్డులో అందరినీ నిలబెట్టాడు. పైపులో గ్యాసు ఎంత అన్నది మొదటి ప్రశ్న. పైపులో గ్యాసు మంచిదయితే మురికి సిలిండరులో ఉన్నట్టు, సిలిండరులో ఉంటే గాలి పూర్తిగా లాగనట్టు, లాగనట్టయితే ఫిల్లరు. లెక్క అంత సూటిగా ఉంది. "ఎంతయ్యా క్రీస్తుదాసూ?" రిజిస్టరు చంకలో ఉంది. "మూడు సార్." అంతే అన్నాడు. అది అబద్ధం కాదు, పెట్టె చూపించింది మూడే. సోమవారాలు చూశావా అని ఆయన అడగలేదు, అడగని దానికి జవాబు చెప్పలేదు, అంతే గదా? తర్వాత ఆయన హజరత్తయ్య వైపు తిరిగి, "అరగంట పెట్టినావా?" అన్నాడు. "పెట్టినా సార్." "కర్పూరం వెలిగించి ప్రమాణం చేస్తావా?" అప్పుడు హజరత్తయ్య అందరి ముఖాలూ చూశాడు. నోరు తెరిచాడు, మూశాడు. అబద్ధమాడేవాడయితే ఆ క్షణంలో ప్రమాణం చేసి బయటపడి ఉండేవాడు. నిజానికి భయపడేవాడు గనుక, ఎనిమిదో సిలిండరు గుర్తు రాలేదు గనుక, చెయ్యలేకపోయాడు. ఆ నిలబడిపోవడమే ఒప్పుకోవడం అయింది. పక్కన ఉన్న పంపు మనిషి మస్తానయ్య గొంతు తగ్గించి, "చేసెయ్యరా, దేవుడేమన్నా గడియారం పట్టుకుని చూస్తన్నాడా" అన్నాడు. ఎవరో నవ్వారు. క్రీస్తుదాసు రిజిస్టరును ఇంకొంచెం గట్టిగా చంకలో అదుముకున్నాడు. దాని గట్టి అట్ట పక్కటెముకకు గుచ్చుకున్న చోటు ఇప్పటికీ తెలుస్తుంది, ఇదుగో ఇక్కడ.

ఆ తర్వాతి నెల మొదటి ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల. రొట్టె ముక్కల పళ్లెం వరసలో చేతినుంచి చేతికి వచ్చింది, తీసుకోకుండా పక్కకు అందించాడు. చిన్న గ్లాసుల పళ్లెం కూడా అంతే. పై నెల కూడా అంతే. ఎవరితోనైనా విరోధం ఉన్నవాడు సమాధానపడి రావాలని పిల్లప్పటినుంచీ విన్నదే, అందుకని తీసుకోనివాణ్ణి ఎవరూ ఏమీ అడగరు. మగ్దలీనమ్మ అడిగింది. దారిలో అడగలేదు, ఇంట్లో అన్నం పెట్టాక అడిగింది.

"ఎవురిమీదన్నా కోపమా?"

"ఎవురిమీదా లేదు."

"మరయితే నీమీద ఎవురికన్నా కోపమా?"

"లేదు."

ఆమె చారు పోసి, "కోపం ఉంటే బాగుండు, పొయ్యి కాళ్లు పట్టుకోవచ్చు" అంది. నిజమే. హజరత్తయ్యకు తనమీద కోపం లేదు. ఉంటే ఎంత బాగుండు. గేటు దగ్గర నిలబడి తిట్టి ఉంటే, నీ పెట్టె పాడుగాను అని ఉంటే, తాను కూడా ఏదో ఒకటి అని ఉండేవాడు. కానీ ఆ మనిషి తప్పు తీసుకుపోయి తన నెత్తిన పెట్టుకున్నాడు, మూడు వారాలు ఒక్కపొద్దున్నాడు, కొండెక్కి తల ఇచ్చాడు. ఒకరి పాపం ఇంకొకరు మోయడమన్నది క్రీస్తుదాసు ఎరుగని మాట కాదు, ఆ మాట మీదే పుట్టాడు, ఆ మాట మీదే పేరు పెట్టారు. దానికి బరువు ఉంటుందని, ఆ బరువు ఒక మనిషి మెడమీద కనిపిస్తుందని, ఇవాళ గేటు దగ్గర ఆ గుండు చూసేదాకా తెలియలేదు. ఇంకొకరిదని తెలిసి మోసిన ప్రభువు వేరు. ఇతను తనదనుకుని మోశాడు. ఆ తేడా ఎక్కడికి పోతుంది?

నాలుగుకు దిగింది. గడియారంలో తొమ్మిదీ యాభై. ఇంకా పావుగంట. నాలుగునుంచి మూడుకు దిగేటప్పుడు క్రీస్తుదాసు చేతులు వాటంతటవే ఒళ్లో కలుసుకుని ఉన్నాయి, పెదవులు కదులుతున్నాయి. ముల్లు లేవాలి ప్రభువా. నాబు తిప్పగానే ముల్లు పది లేవాలి. సెల్లు బతికి ఉండాలి. ఆ తొమ్మిది, ఆ సున్నం, ఆ నీళ్లు అన్నీ నా భ్రమ అయి ఉండాలి. చాలాసేపటి తర్వాత అతనికి తాను అడుగుతున్నదేమిటో అర్థమయింది. ముల్లు లేస్తే హజరత్తయ్య దోషి. గేటు దగ్గర ఎండలో కూర్చున్న ఆ మనిషి నిజంగా తప్పు చేసి ఉండాలని, ఎనిమిదో సిలిండరు దగ్గర నిజంగా మరిచిపోయి ఉండాలని, దేవుణ్ణి అడుగుతున్నాడు. కలిసిన చేతులు విడదీసి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. ఇక ఏమీ అడగలేదు. అడగకుండా కూర్చోవడం కూడా ప్రార్థన అవుతుందేమో, కాదేమో, అది కూడా అడగలేదు.

పదీ అయిదు. ముల్లు మూడు మీద ఉంది. లేచి నాబును పది మీద పెట్టాడు. గాజు గొట్టంలో తీగల చుట్టూ సన్నటి బుడగలు పుట్టాయి. బతికిన సెల్లుకు మూడు నిమిషాలు చాలు. మూడు నిమిషాలు గడిచాయి, ఆరు గడిచాయి. ముల్లు మూడు దగ్గర ఉంది. వంగి చూస్తే, మూడుకు వెంట్రుకవాసి పైన. యాభై మీద పెట్టాడు. అయిదింతలు మురికి, కళ్లు మూసుకున్నవాడికి కూడా కనిపించేంత. ముల్లు నిద్రలో పక్కకు ఒత్తిగిలినట్టు కొంచెం జరిగి, నాలుగుకు ఇవతలే ఆగిపోయింది.

అతని మనసు ఊరుకోలేదు. ఇవాళ చచ్చి ఉంటే కార్తీకంలోనూ చచ్చి ఉన్నట్టేనా అని ఒక దారి చూపించింది. ఈ మూడు నెలల్లో, పెట్టె వాడని రోజుల్లో చచ్చిందేమో, ఎవరు చెప్పగలరు? ఎవరూ చెప్పలేరు. పాతది పీకి గుంటలో పారేయమని మేనేజరు గారే చెప్పాడు, గుంట ఇరవై అడుగుల దూరం, ఉత్తరం రెండు వాక్యాలు. కానీ దొరువు నీళ్లు పోసింది ఎప్పుడో, ఎనిమిది మూడయింది ఎప్పుడో అతనికి తారీఖులతో తెలుసు. సాక్ష్యం చెప్పిన బుధవారం తెలుసు. ఎవరూ చెప్పలేరన్నది నిజం కాదు. ఒకడు చెప్పగలడు.

నాబును సున్నాకు తిప్పి కిటికీ దగ్గరికి పోయాడు. హజరత్తయ్య అరుగు మీద కూర్చుని లేడు. గేటు పక్కన నిలబెట్టి ఉన్న సిలిండరు ఒకదానికి చెవి ఆనించి, కళ్లు మూసుకుని వింటున్నాడు. తనకు పని లేని ఫ్యాక్టరీలో, తనది కాని సిలిండరుకు.

"హజరత్తూ, ఇట్రా. లోపలికి."

"నేనా? ఆ గదిలోకా?" గుమ్మం దగ్గరికి వచ్చి చెప్పులు విడవబోయాడు. "అమ్మోరు కోప్పడదు గదా?"

"ఇడవాల్సిన పన్లేదు. రా. ఈ నాబు పట్టుకో. సున్నా మీదుంది గదా, పది మీదికి తిప్పు." ఎందుకు తిప్పాలో, తిప్పితే ఏం జరగాలో క్రీస్తుదాసు చెప్పాడు. చెబుతున్నంతసేపూ గొంతు మామూలుగానే ఉంది, అదే అతనికి ఆశ్చర్యంగా ఉంది. హజరత్తయ్య రెండు వేళ్లతో, పసిబిడ్డ చెవి పట్టుకున్నట్టు, తిప్పాడు. ఇద్దరూ ముల్లును చూస్తూ నిలబడ్డారు.

"లేవలా అన్నా."

"యాభై మీద పెట్టు."

పెట్టాడు. చాలాసేపు చూశాడు. సిలిండరుకు ఆనించినట్టే పెట్టెకు చెవి కూడా ఆనించి చూశాడు. "ఇది ఎప్పుట్నుంచీ ఇట్టుండాది?"

"ఆ పద్నాలుగు పోయిందానికి ముందునుంచీ. నేను దాంట్లో దొరువు నీళ్లు పోసినా. సోమవారాలు చూడాల్సింది, చూళ్లా. చూసినట్టు టిక్కు పెట్టినా. ఆ రోజు సారు అడిగినప్పుడు మూడని చెప్పినా. ఆ గ్యాసు పైపులోనే చెడ్డది హజరత్తూ. నీ చేతిలో ఏమీ లేదు."

హజరత్తయ్య చెయ్యి మెల్లగా పైకి పోయి గుండును నిమిరింది, ఒకసారి ముందునుంచి వెనక్కి, ఒకసారి వెనకనుంచి ముందుకి. "ఎనిమిదోది కూడా పెట్టినానన్న మాట" అన్నాడు, తనలో తాను. తర్వాత, "అయితే ఈ గుండు ఎవురి తప్పుకు అన్నా?" అన్నాడు. అందులో కోపం లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. క్రీస్తుదాసు నాదే అనడానికి నోరు తెరిచాడు, అది చాలదని తెలిసింది, అయినా అన్నాడు. "నాది."

నత్రజని కట్టేసి, పానాతో పాత సెల్లును విప్పాడు. గాజులోంచి జాలీ మీద తెల్లటి పొర, గిన్నె అడుగున సున్నంలాగా. దాన్ని పెట్టెలోంచి పూర్తిగా బయటికి తీసి వెలుగులో పట్టుకున్నప్పుడు హజరత్తయ్య మోచేయి తట్టి మీటరు చూపించాడు. సెల్లు లేని పెట్టెలో, గ్యాసు లేని గొట్టం మీద, ముల్లు మూడు దగ్గర ఉంది. ఉప్పుగాలికి ఎప్పుడో అది అక్కడ నిలబడడం నేర్చుకుంది. అన్నాళ్లూ తాను రాసింది గ్యాసును కాదు, సెల్లును కూడా కాదు. ఏమీ లేనప్పుడు ముల్లు నిలబడే చోటును రాశాడు.

"పద. సారు దగ్గరికి. ఇది చూపిస్తా, రిజిస్టరు ఇస్తా. ఉత్తరం కాదు, నీ పని అడుగుతా. ఆ తర్వాత నాది ఉంటే ఉంటుంది, పోతే పోతుంది."

రిజిస్టరు చంకలోకి తీసుకున్నాడు. గుమ్మం దాటేటప్పుడు సెల్లులోని నీళ్లు అలలు కొట్టాయి. హజరత్తయ్య ఆగి చెయ్యి చాచాడు.

"అన్నా, అది ఇట్టా ఇయ్యి. నీ చంకలో రిజిస్టరుండాది. పడి పగిలిందంటే నా మాట ఎవురు నమ్ముతారు?"

క్రీస్తుదాసు ఇచ్చాడు. హజరత్తయ్య దాన్ని రెండు చేతుల్లోనూ పొదివిపట్టుకుని, షెడ్డులో అందరూ చూస్తుండగా, ఆఫీసు గది వైపు ముందు నడిచాడు. ఎండకు మెరుస్తున్న ఆ గుండు వెనకే, దానిమీదనుంచి చూపు తిప్పుకోకుండా, క్రీస్తుదాసు నడిచాడు.